గుంతలో ఐదేళ్ళు నీళ్ళు: అమరావతి టవర్ల పునాది కథ

 

మన కురబలకోట మండలంలో, అంగళ్ళు కాలేజీ బస్టాపులో నిలబడిన ఏ పిల్లాణ్ణి అడిగినా బుర్జ్ ఖలీఫా ఎత్తెంతో టక్కున చెప్పేస్తాడు. 828 మీటర్లు. రీల్స్‌లో వందసార్లు చూసుంటాడు. సరే, అదే పిల్లాణ్ణి ఇంకో ప్రశ్న అడగండి. మన రాష్ట్ర ప్రభుత్వం తన కోసం కట్టుకుంటున్న అన్నిటికంటే పొడుగు బిల్డింగు పునాది ఐదేళ్ళు ఎక్కడుంది? నీళ్ళలో. మాట వరసకు అనడం లేదు, నిజంగానే నీళ్ళలో. దాన్ని పరీక్ష చేయడానికి వచ్చిన ఇంజనీర్లు పడవెక్కి పోవాల్సొచ్చింది. ఈ ఎపిసోడ్ ఆ గుంత గురించి.

ముందు ఎత్తుల లెక్క ఒకటి సరి చేసుకుందాం. 300 మీటర్లు దాటితేనే ఒక బిల్డింగును ప్రపంచంలో ‘సూపర్‌టాల్’ అంటారు. 600 దాటితే ‘మెగాటాల్’. ఈ అంకెలు ఊరికే చెప్తే బుర్రకెక్కవు, మన కొండతో కొలుద్దాం. మదనపల్లె సముద్ర మట్టానికి దాదాపు 700 మీటర్ల ఎత్తులో ఉంది. హార్సిలీ హిల్స్, అంటే మన పాత ఏనుగు మల్లమ్మ కొండ, 1,265 మీటర్లు. కింద మన నేల మీద నిలబడి చూస్తే కొండ ఐదున్నర వందల మీటర్ల పైచిలుకు లేచినట్టు. సూపర్‌టాల్ అనిపించుకోవాలంటే బిల్డింగు ఆ కొండలో సగం దాటాలి. బుర్జ్ ఖలీఫాను తెచ్చి కొండ పక్కన పెడితే కొండే పొట్టిగా కనపడుతుంది.

అమరావతిలో కడుతున్నవి సెక్రటేరియట్ టవర్లు, మొత్తం ఐదు. ముఖ్యమంత్రి కూర్చునే టవర్ దాదాపు 50 అంతస్తులు, మిగతా నాలుగూ 40 అంతస్తుల లెక్క. పెద్ద టవర్ 200 మీటర్లు దాటుతుంది కానీ 300 అందుకోదు. అంటే పుస్తకం ప్రకారం సూపర్‌టాల్ కాదు. మరి దీని గురించి ఎందుకు చెప్తున్నానంటే, పొలాల మధ్య నుంచి ఒక ఊరు లేస్తూ లేస్తూ మొదటే ఇంత పొడుగు బిల్డింగుకు కొబ్బరికాయ కొట్టడం మన తెలుగు నేల మీద ఇంకెక్కడా జరగలేదు. హైదరాబాదులో పొడుగు టవర్లు వచ్చాయి, నిజమే. కానీ నాలుగు వందల ఏళ్ళు బతికిన ఊరికి అవి తర్వాత వచ్చాయి. ఇక్కడ టవరే ముందు, ఊరు తర్వాత.

డిజైన్ లండన్ కంపెనీ ఫోస్టర్ ప్లస్ పార్ట్‌నర్స్‌ది. బయటి గోడ చుట్టూ ఉక్కు దూలాలు ఏటవాలుగా, ఒకదాన్నొకటి దాటుకుంటూ పోతాయి. దీన్ని డయాగ్రిడ్ అంటారు. మంచానికి అల్లిన నవారు గుర్తుందా? తాళ్ళన్నీ కలిసి బరువు పంచుకుంటాయి కాబట్టి మనిషి ఏ మూల కూర్చున్నా మంచం ఓర్చుకుంటుంది. అదే లెక్క. లోపల స్తంభాలు తక్కువ పడతాయి, గాలి తోపును గోడే కాచుకుంటుంది. కానీ ఆ గోడ మోసిన బరువంతా చివరికి దిగేది ఒక్క చోటికే. కిందికి.

2018 డిసెంబర్ చివర్లో ఆ కింద పని మొదలైంది. రాఫ్ట్ ఫౌండేషన్ వేశారు. మనం ఇంటికి ఒక్కో స్తంభానికి ఒక్కో గుంత తీసి పునాది వేస్తాం. రాఫ్ట్ అంటే అలా కాదు, బిల్డింగు మొత్తానికి కింద ఒకే ఒక్క పలక. ఒక్కో టవర్ కింద పలక మందం దాదాపు నాలుగు మీటర్లు, అంటే ఒక గది ఎత్తు కంటే ఎక్కువ. మొదట పోసిన టవర్ పలకకు పట్టిన కాంక్రీటు 11,000 ఘనపు మీటర్ల పైమాటే. రోడ్డు మీద గుండ్రంగా తిరుగుతూ పోయే మిక్సర్ లారీలో ఆరు ఘనపు మీటర్లు పడుతుందనుకోండి. 1,800 లారీలకు పైగా. ఒకదాని వెనక ఒకటి, పగలూ రాత్రీ, ఆపకుండా.

ఎందుకు ఆపకూడదు? దోసె పెనం మీద సగం పిండి పోసి, ఫోన్ వచ్చిందని వెళ్ళి, ఐదు నిమిషాలకు తిరిగొచ్చి మిగతా సగం పోయండి. మధ్యలో గీత పడుతుందా లేదా? తిరగేసేటప్పుడు దోసె సరిగ్గా ఆ గీత దగ్గరే చిరుగుతుంది. కాంక్రీటులో ఆ గీతను కోల్డ్ జాయింట్ అంటారు. ఇంటి స్లాబులో అయితే నీళ్ళు కారడం మొదలవుతుంది. 40 అంతస్తుల కింద అయితే అది ఎవరూ ఒప్పుకోని సంగతి. దీనికి తోడు ఇంకో చిక్కు. సిమెంటు గట్టిపడేటప్పుడు వేడి పుడుతుంది. నాలుగు మీటర్ల మందం లోపల పుట్టిన వేడికి బయటికి దారి దొరకదు. లోపల కాగిపోతూ, పైన చల్లబడుతూ ఉంటే పలక పగులుతుంది. అందుకే ఇంత పెద్ద పోతల్లో కాంక్రీటు కలిపే నీళ్ళలో ఐసు వేస్తారు, పోశాక వారాల తరబడి లోపలి వేడిని కొలుస్తూ కూర్చుంటారు. చలికాలంలో పోయడం కూడా తెలివైన పనే.

ఇంత జాగ్రత్త. రెండు మూడు రోజుల పాటు ఒక్క నిమిషం ఆగకూడదని ఇంత తాపత్రయం. తీరా ఆగింది ఐదేళ్ళు.

2019 మేలో ఎన్నికల ఫలితాలు వచ్చాయి, ప్రభుత్వం మారింది, పనులు నిలిచిపోయాయి. ఆ డిసెంబర్‌లో అసెంబ్లీలో మూడు రాజధానుల మాట వచ్చింది. ఆ పైన చట్టాలు, రైతుల దీక్షలు, పాదయాత్రలు, కోర్టులు. 2022 మార్చి 3న హైకోర్టు అమరావతినే కట్టమని తీర్పు చెప్పింది, కేసు సుప్రీంకోర్టుకు పోయింది. ఎవరిది తప్పు అని నేను ఇక్కడ పంచాయితీ పెట్టను, దానికి టీవీ చానళ్ళు చాలినన్ని ఉన్నాయి. మన సంగతి గుంత. వాన కురిసింది, ఊట నీరు ఊరింది, గుంతలు చెరువులయ్యాయి. చుట్టూ కంపచెట్లు మనిషి ఎత్తు దాటి పెరిగాయి. పునాది పలకల నుంచి పైకి రావాల్సిన ఇనుము నీళ్ళలో నిలబడిపోయింది.

2024లో మళ్ళీ ప్రభుత్వం మారాక మొదట చేసిన పని కంప కొట్టించడం. ఆగస్టులో ఐఐటీ మద్రాస్ నుంచి నిపుణులు వచ్చారు. నేను మొదట చెప్పిన పడవ ప్రయాణం అప్పటిదే. ఇక్కడ చాలామంది అనుకునేదానికీ నిజానికీ తేడా ఉంది, కాస్త ఆగి చెప్తాను. నీళ్ళలో నానితే కాంక్రీటు పాడైపోతుంది అనుకుంటాం. బాగా పోసిన కాంక్రీటుకు మంచి నీళ్ళు శత్రువు కాదు, వంతెనల స్తంభాలు జీవితమంతా నదిలోనే ఉంటాయి కదా. దెబ్బ తినేది బయటికి పొడుచుకొచ్చిన ఇనుము. అది కూడా పూర్తిగా మునిగిన చోట కాదు. నీటి మట్టం ఎక్కుతూ దిగుతూ, తడీ గాలీ రెండూ తగిలే చోట తుప్పు ఎక్కువ పడుతుంది. బావిలో మోటారు పైపు చూడండి, ఎక్కడ తినేసి ఉంటుందో మీకే తెలుస్తుంది. అందుకే ఇలాంటి పరీక్షలో ఇంజనీరు అడిగే మొదటి ప్రశ్న పలక ఉందా పోయిందా అని కాదు, ఇనుము ఎంత మందం మిగిలింది అని. పరీక్షలయ్యాయి, పునాదుల మీద పని కొనసాగించవచ్చని తేలింది, మోటార్లు పెట్టి నీళ్ళు తోడేశారు. పాత టెండర్లు రద్దు చేసి కొత్తవి పిలిచారు. 2025 మే 2న ప్రధాని వచ్చి రాజధాని పనుల్ని మళ్ళీ ప్రారంభించారు. అదే ప్రధాని, అదే అమరావతిలో, 2015 అక్టోబర్ 22న శంకుస్థాపన చేశారు. ఒకే రాజధానికి ఒకే మనిషి చేత రెండు మొదళ్ళు!

ఇదేదో మన కాలంలోనే పుట్టిన జబ్బు అనుకోకండి. మన పాత కాలపు సూపర్‌టాల్ ఏది? గోపురమే. అది కట్టే తీరు చూడండి: కింద రాతి పీఠం, దాని మీద తేలికగా ఉండడానికి ఇటుక, సున్నంతో అంతస్తులు. బరువు కింద, తేలిక పైన. పీఠం ఒక రాజు వేస్తాడు. పైకి ఎత్తే లోపల రాజు పోతాడో, రాజ్యమే పోతుందో, డబ్బు యుద్ధానికి పోతుందో. పీఠం మాత్రం అలా నిలబడిపోతుంది.

తాడిపత్రికి ఎప్పుడైనా పోతే పెన్న ఒడ్డున బుగ్గ రామలింగేశ్వర స్వామి గుడికి పోండి. 1500 అటూ ఇటూ పెమ్మసాని రామలింగ నాయుడు కట్టించాడు. ఆ గుడి గోపురాలు పూర్తి కాలేదు. రాతి పీఠం మీద జానెడు జాగా వదలకుండా చెక్కారు, పైన ఇటుక అంతస్తులు లేవలేదు. అక్కడ నిలబడితే తల పైకెత్తాల్సిన పని లేదు, పీఠం చూస్తేనే అర్థమైపోతుంది వాళ్ళు ఎంత ఎత్తు అనుకున్నారో. నా మటుకు నాకు పూర్తయిన చాలా గోపురాల కంటే ఆ మొండి గోపురాలే బాగుంటాయి.

ఇంకోటి శ్రీరంగం. అక్కడి రాజగోపురం పీఠం విజయనగర రాజు అచ్యుత దేవరాయల కాలంలో మొదలైందని చెప్తారు. అచ్యుత దేవరాయలంటే మన కృష్ణదేవరాయల తమ్ముడు, 1529 నుంచి 1542 వరకు ఏలాడు. ఆయన పోయాక పని ఆగింది. ఎంత కాలం? నాలుగు వందల ఏళ్ళు దాటింది. తమిళంలో దాన్ని మొట్టై గోపురం అనేవాళ్ళు, బోడి గోపురం అన్నమాట. రాజ్యాలు మారాయి, కంపెనీ వచ్చింది, ఇంగ్లీషోళ్ళు వచ్చారు, పోయారు, గోపురం బోడిగానే ఉంది. చివరికి 1979లో అహోబిల మఠం జీయరు పూనుకుని పైకి ఎత్తించారు. అహోబిలం అంటే మన నంద్యాల వైపు ఉన్న అహోబిలమే, ఆ పేరు మీద నడిచే మఠం. 1987 మార్చిలో కుంభాభిషేకం జరిగింది. పదమూడు అంతస్తులు, 73 మీటర్లు. విజయనగర కాలంలో మొదలైనది రాజీవ్ గాంధీ కాలంలో ముగిసింది. దీని ముందు అమరావతి ఐదేళ్ళు ఏపాటి?

అయినా ఒక తేడా ఉంది. బోడి గోపురం కింద ఎవరి పొలమూ చిక్కుకుని లేదు. దీని సంగతికి వస్తాను. ఈలోగా పూర్తయినంత మాత్రాన కథ ముగిసినట్టు కాదని చెప్పే గోపురం మన చిత్తూరు వైపే ఉంది, శ్రీకాళహస్తిలో. 1516లో కృష్ణదేవరాయలు కట్టించిన రాజగోపురం, నూరు అడుగులు దాటిన ఏడంతస్తుల గోపురం, 2010 మే 26 రాత్రి కూలిపోయింది. పగుళ్ళు ముందే కనపడ్డాయి కాబట్టి జనాన్ని పక్కకు పంపేశారు, ప్రాణాలు దక్కాయి. దాదాపు ఐదు వందల ఏళ్ళు నిలబడి, కూలడానికి నిమిషం కూడా పట్టలేదు. 2017లో అక్కడే కొత్తది లేచింది.

బయటి ప్రపంచంలో కూడా ఇదే కథ. సౌదీలో జెద్దా టవర్ ఒక కిలోమీటరు దాటాలని 2013లో మొదలైంది. 60 అంతస్తులు దాటాక, 2018లో ఆగింది. 2017 చివర్లో అక్కడ పెద్ద పెద్దవాళ్ళను అవినీతి కేసుల్లో పట్టుకున్నారు, ఆ ఊపులో పని మూలపడింది. 2025 జనవరిలో మళ్ళీ మొదలైంది. మనలో చాలామంది ఇళ్ళ నుంచి అన్నలో, మామలో కువైట్, సౌదీ పోయినవాళ్ళే కాబట్టి ఆ మొండి టవర్‌ను దూరం నుంచి చూసినవాళ్ళు ఈ పాటికి ఎవరింట్లోనో ఒకరు ఉండే ఉంటారు. దుబాయ్ బుర్జ్ మాత్రం ఆగలేదు: 2004లో తవ్వి, 2010 జనవరి 4న తెరిచారు. కానీ చివరి వరకు దాని పేరు బుర్జ్ దుబాయ్. అప్పుల్లో మునిగిన దుబాయ్‌ను అబుదాబి ఆదుకుంది, తెరిచే రోజున అబుదాబి పాలకుడు ఖలీఫా పేరు పెట్టారు. అది కట్టిన చేతులు ఎక్కువగా మన ఉపఖండం నుంచి పోయినవి. 2006 మార్చిలో ఆ సైటులో కార్మికులు తిరగబడ్డారు, తక్కువ కూలీ, పని ముగిశాక బస్సుల ఆలస్యం వాళ్ళ కోపానికి కారణాలు. ఆ సంగతి రీల్స్‌లో రాదు.

ఇప్పుడు పొలాల సంగతి. న్యూయార్కు వాళ్ళు పైకి కట్టారంటే మన్‌హటన్ చిన్న దీవి, చోటు లేదు, అందుకని పైకి పోయారు. అమరావతిలో చోటుకు కరువా? 2015 నాటికి కృష్ణ ఒడ్డున దాదాపు 29 ఊళ్ళ రైతులు 33,000 ఎకరాలకు పైగా ల్యాండ్ పూలింగ్‌లో ఇచ్చేశారు. అంత భూమి చేతిలో పెట్టుకుని ఆకాశంలోకి కట్టడం ఎందుకు? నన్నడిగితే, రాజు గోపురం ఎందుకు కట్టాడో ఇదీ అందుకే. దూరం నుంచి కనపడాలి. కనపడితే నమ్మకం వస్తుంది, నమ్మకం వస్తే డబ్బు వస్తుంది అని లెక్క. తప్పని అనను. అయితే నమ్మకానికి నిలబెట్టిన వస్తువే నీళ్ళలో మునిగితే, అది అపనమ్మకానికి కూడా అంతే దూరం నుంచి కనపడుతుంది.

రైతుకు చెప్పిన లెక్క ఇది. మెట్ట ఎకరా ఇస్తే అభివృద్ధి చేసిన 1,000 గజాల ఇంటి స్థలం, 250 గజాల వ్యాపార స్థలం. నదికి దగ్గర, మూడు పంటలు పండే జరీబు భూమి అయితే 1,000 గజాలు, 450 గజాలు. దాంతో పాటు పదేళ్ళు కౌలు: మెట్టకు ఎకరాకు ఏడాదికి 30,000, జరీబుకు 50,000, ఏటా కొంత పెంచుతూ. పదేళ్ళలో ఊరు లేస్తుంది, స్థలం విలువ పెరుగుతుంది, అప్పుడు కౌలుతో పనే ఉండదు అన్నది ఒప్పందం వెనక ఆశ. పదేళ్ళు అయ్యేసరికి వాళ్ళకు కనపడింది ఏమిటి? గుంత, గుంతలో నీళ్ళు, నీళ్ళలో ఇనుము. భూమి లేని కూలీలకు నెలకు 2,500 పింఛను ఇస్తామన్నారు. కానీ ఏడాదంతా పువ్వో, అరటో, కూరగాయో పండే చోట కూలీకి పోయే ఆడమనిషికి పోయిన పని రోజులకు అది ఏ మూలకు? టవర్ ఆలస్యమైతే కాంట్రాక్టరు మళ్ళీ రేటు మాట్లాడుకుంటాడు. ఆమె ఎవరితో మాట్లాడుకోవాలి?

మన సీమ వాళ్ళకు ఈ కథలో ఇంకో మెలిక ఉంది, దాన్ని దాటేసి పోతే నిజాయితీ కాదు. 1937 నవంబర్‌లో మద్రాసులో, శ్రీబాగ్ అనే ఇంట్లో, కోస్తా పెద్దలూ సీమ పెద్దలూ ఒక ఒప్పందం రాసుకున్నారు. దాని బలం మీదే 1953 అక్టోబర్ 1న ఆంధ్ర రాష్ట్రం పుట్టినప్పుడు కర్నూలు రాజధాని అయింది. బిల్డింగులు లేవు, ఆఫీసులు గుడారాల్లో నడిచాయి. టవర్ కాదు, డేరా! 1956 నవంబర్ 1న రాజధాని హైదరాబాదు పోయింది. మూడేళ్ళ చిల్లర. కర్నూలుకు పునాది గుంత కూడా మిగల్లేదు. అందుకే 2019లో కర్నూలుకు హైకోర్టు అన్నప్పుడు సీమలో కొంతమందికి ప్రాణం లేచొచ్చింది. అమరావతి రైతు బాధా నిజం, సీమ మనిషి గుర్తూ నిజం. ఒకటి చెప్పి ఇంకోటి దాచేవాళ్ళ వీడియోలు చూసి మీరు చాలానే ఫార్వర్డ్ చేసి ఉంటారు.

నా అభిప్రాయం అడిగితే, ఇంత ఎత్తు అక్కర్లేదు. కానీ మొదలుపెట్టి పలక పోసేశాక ఆపడం, ఎత్తు కట్టడం కంటే ఖరీదైన పని. ఎత్తు తగ్గించుకోవాలంటే 2018కి ముందు కాగితం మీద తగ్గించుకోవాల్సింది. కాగితానికి తుప్పు పట్టదు.

ఇంజనీరింగ్ చదివే పిల్లలకు ఒక మాట. విజయవాడ వైపు పోతే సైటుకు దగ్గరలో రోడ్డు మీద నుంచి కాసేపు చూడండి, లోపలికి పోనివ్వకపోయినా. అంతస్తులు లెక్కపెట్టకండి, అది ఎవరైనా చేస్తారు. ఏటవాలు ఉక్కు పునాదిని ఎక్కడ తాకుతుందో, ఆ అతుకు ఎలా వేశారో గమనించండి. పాత ఇనుముకూ కొత్త ఉక్కుకూ పొత్తు కుదిరేది అక్కడే. తిరిగొచ్చేటప్పుడు తాడిపత్రి మీదుగా రండి. చుట్టు దారే, కానీ పెన్న ఒడ్డున ఆ రెండు మొండి గోపురాలూ చూసి రండి.

వచ్చే ఎపిసోడ్‌లో మన పాకాల, ధర్మవరం రైలు దారి గురించి, కురబలకోట స్టేషన్ గురించి మాట్లాడుకుందాం. ఉంటాను.